బడి యాజమాన్య కమిటీకి శిక్షణ ఎలా ఇస్తే పనికొస్తుంది?

ప్రశ్న (ప్రధానోపాధ్యాయుడు, ప్రాథమిక పాఠశాల, ఆంధ్రప్రదేశ్):
మా బడిలో తరగతికి ముగ్గురు చొప్పున 15 మంది తల్లిదండ్రులు కమిటీకి ఎన్నికయ్యారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో 75 శాతం తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ఆ లెక్కకు మా దగ్గర లోటు లేదు, లోటంతా శిక్షణలోనే ఉంది. మండల కేంద్రంలో జరిగిన శిక్షణకు ముగ్గురు తల్లులు ఒక రోజు కూలి వదులుకుని వెళ్తే, కరదీపిక చదివి వినిపించి, సంతకాలు తీసుకుని పంపించేశారు. ఏం చెప్పారమ్మా అని అడిగితే, ‘బడి మనదేనని చెప్పారు సార్’ అన్నారు. సమావేశాల్లో నేను తీర్మానం రాయడం, వారు సంతకం పెట్టడమే జరుగుతోంది. దీన్ని మార్చే దారి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయురాలు):
శిక్షణను బడిలోనే, మీ రిజిస్టర్లతోనే పెట్టండి. మేము మధ్యాహ్న భోజనంతో మొదలుపెట్టాం. ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం. ఆ రోజు హాజరు 48 కాబట్టి 4 కిలోల 800 గ్రాములు వండాలి. చదవడం రాని ఒక తల్లి ఈ లెక్క నోటితోనే కట్టి, తూకం దగ్గర నిలబడి, రిజిస్టరులో 52 మందికి రాసి ఉందని పట్టుకున్నారు. నిన్నటి హాజరునే మళ్లీ ఎక్కించిన పొరపాటు అది. ఆ తర్వాతి నెల నుంచి ఆమె అడగకుండా ఎవరూ సంతకం పెట్టలేదు. చట్టంలోని ‘పర్యవేక్షణ’ అనే మాటకు అర్థం ఆమెకు ఆ తూకం దగ్గరే తెలిసింది.

జవాబు (తెలంగాణ నుంచి):
మా రాష్ట్రంలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వీటికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. పొదుపు పుస్తకాలు, బ్యాంకు లావాదేవీలు ఏళ్ల తరబడి చూసిన మహిళలకు జమాఖర్చులు కొత్త కావు, కానీ బడిలో పిల్లల చదువు ఎలా సాగుతోందో అడగడానికి వారూ జంకుతారు. ఆ జంకు తీర్చే శిక్షణ ఇంతవరకు నా కంటపడలేదు.

జవాబు (బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో పనిచేసిన వ్యక్తి):
22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను కమిటీయే తయారు చేయాలి, కానీ చాలాచోట్ల అది ప్రధానోపాధ్యాయుల చేతిరాతలోనే ఉంటుంది. మీ బడిలో అరవై మంది పిల్లలుంటే బడి నిర్వహణ ఖర్చులకు ఏటా రూ. 25,000 కాంపోజిట్ గ్రాంటు, అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు. పాస్‌బుక్ బల్ల మీద పెట్టి, ‘ఈ రూ. 2,500తో మరుగుదొడ్డి తలుపు బాగుచేద్దామా, కుళాయి వేయిద్దామా’ అని అడిగి చూడండి. అన్నట్టు, పాస్‌బుక్ చూపించడానికి తటపటాయించే ప్రధానోపాధ్యాయులకే ముందు శిక్షణ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
చివరి మాట నాకూ తగిలింది. పొలం పనుల నుంచి అందరూ తిరిగొచ్చే వేళ చూసి, శనివారం సాయంత్రం ఏడు గంటలకు బడిలోనే కూర్చుంటాం. తక్కెడ, పాస్‌బుక్ రెండూ బల్ల మీద ఉంటాయి.