సెసువియం కుండీలో పెట్టా, ఉప్పు నీళ్లు పోయాలా వద్దా?

తోటపిచ్చి:
సముద్రం పక్కన బురదలో పాకుతుంది చూడండి, వంగరెడ్డి కూర, సెసువియం అంటారు, దాని కొమ్మ ఒకటి తెచ్చి కుండీలో గుచ్చి నెల దాటింది. వేరైతే పట్టింది గానీ కొత్తగా వచ్చే ఆకులు పల్చగా ఉన్నాయి, అక్కడేమో గింజల్లా ఉబ్బి ఉండేవి. ఉప్పు చాలకనా? కలిపి పోద్దామంటే పక్కనే గులాబీ ఉంది, అదో భయం.

బురదకాళ్ళు:
ఉప్పు లేకపోయినా చావదండీ. అది వేరు గుండా వచ్చిన ఉప్పుని ఆకు కణాల్లో వాక్యూల్ అనే సంచి ఉంటుంది, దాన్లోకి తోసేసి దాచుకుంటుంది, ఉప్పుతో పాటు నీళ్లూ అక్కడే నిలవుంటాయి, ఆకు ఉబ్బేది అందుకే. మీ కుండీలో దాచుకోడానికేం లేదు మరి, పల్చబడింది. రోగం కాదు.

చిల్లుకుండీ:
చావదు నిజమే కానీ కాస్త ఉప్పుంటేనే ఏపుగా వస్తుంది. లీటరుకి 5, 6 గ్రాములు చాలు, సముద్రం నీళ్లలో 35 దాకా ఉంటుంది, అంత వద్దు. అసలు చిక్కు ఎక్కడంటే బురదలో ఆటుపోట్లు వచ్చి కడిగేస్తాయి, కుండీలో నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది, అందుకని మధ్యమధ్యలో మామూలు నీళ్లు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. ఆ కారింది గులాబీకి తగలకూడదు, దూరం జరపండి.

ఆకుపురాణం:
ముందు అది పాయలకూర కాదు కదా? మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ అంతటాయనే 1753లో దీన్ని పాయలకూర జాతిలో కలిపేసి 1759లో సెసువియంలోకి మార్చాడు, మనమెంత. పువ్వు చూడండి. పసుపైతే పాయలకూర, అది ఒక్క సీజనే. గులాబీ రంగు చుక్కలాంటి పువ్వైతే ఇదే, ఏళ్ళతరబడి ఉంటుంది. ఆ గులాబీ రంగువి రేకులు కూడా కావు, మొగ్గని కప్పి ఉంచే రక్షక పత్రాలే లోపలివైపు రంగేసుకున్నాయి, తిప్పి చూస్తే వెనకంతా పచ్చగానే ఉంటుంది.

తోటపిచ్చి:
తిప్పి చూశా, వెనక పచ్చే! ఒక ఆకు నమిలా కూడా, ఉప్పదనం ఏమీ లేదు, తెచ్చిన రోజు పాత ఆకు నమిలితే నోరంతా ఉప్పే.

బురదకాళ్ళు:
కుండీది నమలండి గానీ ఎక్కడపడితే అక్కడ కోసి తినకండి, మురుగు చేరే చోట సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు కూడా లాగేసుకుంటుందది.

తోటపిచ్చి:
అమ్మో సరే. గులాబీని అటు చివరికి జరిపేశా, రేపట్నుంచి లీటరుకి 5 గ్రాములు.