శ్రీలంక గ్రూప్ టూర్: అమ్మని, అత్తయ్యని తీసుకెళ్తున్నా, ఏజెంటుని ఏం అడగాలి? ఏం సర్దాలి?

కాకినాడ కోడలు:

అందరికీ నమస్కారమండి. ఫిబ్రవరిలో మా అమ్మ, మా అత్తయ్య, నేను శ్రీలంక రామాయణ యాత్రకి డబ్బు కట్టేశాం. మావారికి సెలవు దొరకలేదు, ఇద్దరు పెద్దవాళ్ళ బాధ్యతా నాదే. చెన్నై నుంచి కొలంబోకి విమానం, అక్కణ్ణుంచి అంతా బస్సే. చిలా దగ్గర మున్నేశ్వరం, త్రికోణమలై, సిగిరియా, దంబుల్లా, క్యాండీ, నువర ఎలియా, మళ్ళీ కొలంబో. వంటవాళ్ళు మనవాళ్ళే వస్తారట.

అత్తయ్యకి షుగరు, రోజూ ఇన్సులిన్. అమ్మకి మోకాళ్ళు. అయినా శాంకరీదేవి దర్శనం అనగానే ఇద్దరూ నాకంటే ముందు రెడీ అయిపోయారు. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో మొట్టమొదటి పేరు ఆవిడదే కదా. వీధిలో అందరికీ చెప్పేశారు కూడా, ఇక వెనక్కి తగ్గేది లేదు.

అత్తయ్య అప్పుడే సర్దుడు మొదలుపెట్టారు. ఆవకాయ, నెయ్యి, ఎండుకొబ్బరి చిప్పలు, హారతి కర్పూరం పెద్ద ప్యాకెట్టు. అమ్మేమో అన్నీ పల్చటి నూలు చీరలే పెట్టుకుంది, "అక్కడ ఎండలే కదా" అంటుంది. ఏజెంటుని ఏం అడిగినా "ఏం పర్లేదమ్మా, మేం చూసుకుంటాం" అనే మాట ఒక్కటే. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, దానికీ ఏం పర్లేదట. నాకు టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గరిటె బాబాయ్:

అమ్మా, నేను టూర్ల వాళ్ళతో వంటకి వెళ్ళే మనిషిని. మాది భీమవరం పక్కన. గుళ్ళ గురించి గైడ్లు చెప్తారు, నేను తిండి గురించీ, బస్సు గురించీ, మెట్ల గురించీ చెప్తాను.

ముందు మీ అత్తగారి సంచి. కర్పూరం తీసేయించండి. అది మంటపట్టే సరుకు, విమానంలో చేతిసంచీలోనూ కుదరదు, పెద్దపెట్టెలోనూ కుదరదు. ఎండుకొబ్బరిదీ అదే లెక్క, నూనె ఉంటుంది కదా. అగ్గిపెట్టెలూ వద్దు. పూజ సామాను త్రికోణమలైలో గుడి బయటే దొరుకుతుంది, అక్కడ తమిళులు ఎక్కువ. ఆవకాయ, నెయ్యి పెద్దపెట్టెలో వెయ్యండి. చేతిసంచీలో పెడితే సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెడతారు, పెద్దావిడ అక్కడే కన్నీళ్ళు పెట్టుకుంటారు, నేను చూశాను. జాడీ వద్దు. నూనె పైకి తేలని ముద్ద ఆవకాయ, మందపాటి కవరు, దానిమీద ఇంకో కవరు, ఆ పైన మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా. మూత చుట్టూ టేపు. ఆ డబ్బాని పట్టుచీరల పక్కన మాత్రం పెట్టకండి.

ఇప్పుడు "వంటవాళ్ళు మనవాళ్ళే" అన్న మాట. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. స్టార్ హోటళ్ళ వాళ్ళు మమ్మల్ని వాళ్ళ వంటింట్లోకి రానివ్వరు. పొద్దున టిఫిను హోటలుదే. మధ్యాహ్నం బస్సు ఎక్కడుంటే అక్కడ. మా చేతికి పని దొరికేది చాలా టూర్లలో రాత్రి పూటే. అందుకని ఏజెంటుని ఇలా అడగండి: "రోజుకి ఎన్ని పూటలు మీ వంటవాళ్ళు వండుతారు? ఏ ఊళ్ళో వండరు?" అప్పుడు "ఏం పర్లేదు" అనడానికి కుదరదు. ఊరి పేరు చెప్పాలి.

బయట తినే పూట కోసం ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి వాళ్ళ కొబ్బరి పచ్చడి, పోల్ సంబోల్ అంటారు, చూస్తే ఎర్రగా మన కొబ్బరికారంలాగే ఉంటుంది. అందులో ఉంబలకడ అని ఎండు చేప పొడి వేస్తారు. పప్పులో కూడా ఒక్కోచోట పడుతుంది. వాళ్ళ దృష్టిలో అది ఉప్పూకారం లాంటిదే, "వెజిటేరియనా?" అంటే అవుననే తలూపుతారు. కాబట్టి "చేప లేదు కదా, ఉంబలకడ లేదు కదా" అని పేరు పెట్టి అడగాలి. మీరు శాకాహారులైతే ఇది ముఖ్యం. తమిళుల శైవ భోజనశాలల్లో, అంటే శాకాహార హోటళ్ళలో, ఆ గొడవ ఉండదు, ఇడ్లీ, దోశ, ఇడియాప్పం నిశ్చింతగా తినొచ్చు.

పప్పు మన కందిపప్పు కాదు, ఎర్రగా ఉండే మసూర్ పప్పు. కొబ్బరిపాలు పోసి చేస్తారు. బియ్యం సాంబా అని చిన్న గింజ, లేకపోతే ఎర్రబియ్యం. మొదటి పూట అందరూ బానే తింటారు, రెండో రోజు నుంచి "మన అన్నం లేదా బాబూ" అని నా వెనకాల పడతారు. కందిపొడి, కరివేపాకు కారం, అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ తెచ్చుకోండి. పెరుగన్నం లేకపోతే నిద్రపట్టనివాళ్ళకి దిగులు లేదు, రోడ్డు పక్కన మట్టి కుండల్లో గేదె పెరుగు అమ్ముతారు. చెంచా గుచ్చితే నిలబడుతుంది. పైన కితుల్ పాకం పోసిస్తారు, జీలుగు చెట్టు కల్లు కాచి చేసేది. మీ అత్తగారికి పాకం వద్దని ముందే చెప్పండి, పోశాక "ఇంత మంచిది పారేస్తామా" అని తినేస్తారు.

మెట్ల సంగతి సాయంత్రం రాస్తాను, పెళ్ళి వంట ఉంది.

డ్యూటీ నర్సు:

అక్కా, ఇన్సులిన్ గురించి నేను చెప్తాను. పెద్దపెట్టెలో అస్సలు వెయ్యకండి, విమానం కింది భాగంలో గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చేతిసంచీలో, డాక్టరు చీటీతో. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను మామూలుగా నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు, మీ పెన్ను డబ్బాలో కాగితం చూసుకోండి. మధ్యాహ్నం బస్సు ఆపి గుడికి వెళ్ళినప్పుడు మాత్రం సీట్లో వదిలేయొద్దు, తలుపులేసిన బస్సు పొయ్యిలా అవుతుంది. హోటల్ ఫ్రిజ్‌లో ఫ్రీజరు గడికి ఆనించి పెట్టొద్దు.

అసలు ప్రమాదం ఇంకోటి. టూర్లో భోజనం ఒంటిగంటకి అని చెప్తారు, మూడవుతుంది. అత్తయ్యగారిది భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే, కంచం ఎదురుగా వచ్చాకే సూది. "ఇదిగో అయిదు నిమిషాల్లో హోటల్" అన్న గైడు మాట నమ్మి బస్సులో వేసుకోకూడదు. చేతిసంచీలో గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు ఉండాలి. మంచి విషయం ఏంటంటే అక్కడి టైమూ మన టైమూ ఒకటే, మందుల వేళలు మారవు.

దోమలు: మలేరియా లేదు, 2016లోనే డబ్ల్యూహెచ్‌ఓ శ్రీలంకని మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. డెంగీ మాత్రం బాగా ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం చీకటి పడేముందు. కాబట్టి ఓడోమాస్ రాత్రి కాదు, పొద్దున స్నానం అవగానే కాళ్ళకి, చేతులకి రాయండి. జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే. మోకాళ్ళ నొప్పికని అమ్మగారి దగ్గర ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఉంటాయి కదా, జ్వరంలో అవి వద్దు, డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం. తిరిగొచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వచ్చినా డాక్టరుకి శ్రీలంక వెళ్ళొచ్చామని చెప్పండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఏజెంటు చేయిస్తాడు, కానీ అందులో ముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తిస్తుందో లేదో చదవండి. షుగరు దాచిపెట్టి తీసుకున్న పాలసీ అక్కరకు రాదు.

టికెట్ కౌంటర్:

ఇంటిపేరు గడి ఖాళీ అంటే ఏం పర్లేదు అనుకోకండి. అలాంటి పాస్‌పోర్టులకి ఎయిర్‌లైన్లు ఒక్కోటీ ఒక్కో పద్ధతి పెట్టుకున్నాయి, కొన్ని ఉన్న పేరునే రెండుసార్లు కొట్టమంటాయి. టికెట్టు కొట్టకముందే ఆ ఎయిర్‌లైన్‌కి ఏది కావాలో కనుక్కోమని ఏజెంటుకి చెప్పండి. శ్రీలంక ప్రయాణ అనుమతి, ఈటీఏ అంటారు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే మంచిది. అందులో పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ప్రింటు తెప్పించుకుని మీ కళ్ళతో మీరు సరిచూడండి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలి.

డబ్బు: మన రూపాయికి అక్కడ మూడు రూపాయలకి పైనే వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా పనిచేస్తోంది, కానీ కొబ్బరిబొండాల బండి దగ్గర, గుడి చెప్పుల స్టాండు దగ్గర నోట్లే కావాలి.

గరిటె బాబాయ్:

పెళ్ళివారు తిన్నారు, వచ్చాను.

సిగిరియా 1200 మెట్ల దాకా ఉంటుంది. అయిదో శతాబ్దంలో కాశ్యపుడు అనే రాజు కొండమీద కోట కట్టుకున్నాడు, ఆయనకి మోకాళ్ళ నొప్పి లేదు. మధ్యలో ఇనప మెట్లు, గాలి, పైగా కందిరీగల తుట్టెలు, అరవొద్దని బోర్డులు పెట్టారు. అమ్మగార్ని ఎక్కించొద్దు. టూర్ డబ్బులో ఆ టికెట్టు ఉందా, ఎక్కనివాళ్ళకి తిరిగిస్తారా అని ఇప్పుడే అడగండి. అక్కడి టికెట్టు ఖరీదెక్కువ, ఇద్దరిదీ మిగిలితే చిన్న మొత్తమేం కాదు.

దంబుల్లా గుహాలయానికి మూడు వందల పైచిలుకు మెట్లు. అక్కడ మెట్ల కంటే రాయితో తిప్పలు. చెప్పులు విడిచాక మిట్టమధ్యాహ్నం ఆ బండమీద పాదం ఆనదు. తలా ఒక జత పాత సాక్సులు బస్సు సంచీలో ఉంచండి. పొద్దున్నే తీసుకెళ్తే ఇంకా మంచిది. త్రికోణమలై కోణేశ్వరానికి కోట గేటు నుంచి ఎత్తెక్కుతూ రోడ్డు. ఆటో మాట్లాడుకోండి. లోపల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, సంచీలో అరటిపళ్ళుంటే జాగ్రత్త. శాంకరీదేవి గుడి ఆ ఆవరణలోనే.

చీరల సంగతి. నువర ఎలియా 1800 మీటర్ల పైన ఉంది, ఫిబ్రవరి రాత్రుళ్ళు మన అరకులాగా వణికిస్తుంది. స్వెట్టరు, సాక్సులు, చెవులకి మఫ్లరు తప్పనిసరి. సీతమ్మ గుడి సీతా ఎలియాలో, అదే చలిలో. ఇంకోటి, 2025 నవంబరు చివర దిత్వా తుఫానుకి ఆ కొండల్లో చరియలు విరిగిపడి రోడ్లూ, రైలు పట్టాలూ బాగా దెబ్బతిన్నాయి. మీ కాగితంలో కొండ రైలు అని ఉంటే నడుస్తోందో లేదో, లేకపోతే బదులుగా ఏం చూపిస్తారో అడగండి. క్యాండీ నుంచి పైకి ఎనభై కిలోమీటర్లు కూడా లేదు కానీ మూడు గంటలు పడుతుంది, అంతా మలుపులే. వాంతులయ్యేవాళ్ళని ముందు సీట్లలో కూర్చోబెట్టండి. సీట్లు రోజూ మారుస్తామని మొదటి రోజే మేనేజరు చేత అందరి ముందూ చెప్పించండి. బస్సులో గొడవలన్నీ కిటికీ దగ్గరే పుడతాయి.

దారిలో మసాలా తోట చూపిస్తామంటారు. చూడండి, దాల్చినచెక్క, మిరియాల తీగ బాగుంటాయి. చివర్లో ఒకాయన వచ్చి మోకాళ్ళకి నూనె రాస్తాడు. ఆ నూనె సీసా రేటు వింటే నొప్పి ఎక్కువవుతుంది. గైడుకి అందులో వాటా ఉండొచ్చు. అమ్మగారి పర్సు ఆ గంటసేపు మీ దగ్గర పెట్టుకోండి.

బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు, అక్కడ అది నిజంగా నేరం. క్యాండీలో బుద్ధుడి దంతం ఉండే ఆలయానికి తెల్లటివి కట్టుకెళ్తే మంచిది. మీ తేదీల్లో పౌర్ణమి పడితే దేశమంతా సెలవు, గుళ్ళలో విపరీతమైన జనం. ఆ రోజు ఏ ఊళ్ళో ఉంటారో చూసుకోండి.

కాకినాడ కోడలు:

బాబాయ్ గారూ, చెల్లీ, కౌంటర్ గారూ, అందరికీ దణ్ణాలు. ఏజెంటుకి ఫోన్ చేశాను. వంట రాత్రుళ్ళు మాత్రమేనట, నువర ఎలియాలో అదీ లేదట! పేరు సంగతి ఎయిర్‌లైన్‌ని కనుక్కుంటానన్నాడు. సిగిరియా టికెట్టు డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకున్నాడు, వాట్సాప్‌లో రాయించుకున్నాను. కర్పూరం మీద అత్తయ్య ఇంకా మెత్తబడలేదు. ఇంకొక్క డౌటు: ఎయిర్‌పోర్టులో అమ్మ అంత దూరం నడవగలదా?

గరిటె బాబాయ్:

నడిపించొద్దమ్మా. రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ వీల్‌చైర్ కావాలని టికెట్టుతో పాటే రాయించండి. ఆవిడ "నేనేం ముసలిదాన్నా" అంటారు, లైను లేకుండా ముందు పంపిస్తారని చెప్పండి, కూర్చుంటారు. ఇమిగ్రేషన్ దగ్గర మీరు, అత్తగారు ఆ కుర్చీ పక్కనే ఉండండి, ముగ్గురి పాస్‌పోర్టులూ మీ చేతిలోనే. నువర ఎలియాలో రాత్రికి అటుకులూ, ఆ మట్టికుండ పెరుగూ సరిపోతాయి.