పది మీటర్ల గురికి తక్కువ ఖర్చులో ఏ ఎయిర్ రైఫిల్?

కావలి నుంచి రాస్తున్నాను. మా మేడ మీద సరిగ్గా పది మీటర్ల జాగా ఉంది, చివర పిట్టగోడ. పిట్టల జోలికి పోను, కాగితం మీది చుక్క చాలు. పదిహేను వేలు దాటితే ఇంట్లో అన్నం పుట్టదు. స్ప్రింగుదా, గాలి సిలిండరుదా?

ఒంగోలు నుంచి:
స్ప్రింగుదే అన్నా. సిలిండరు రైఫిలు కుదురుగా పేలుతుంది, నిజమే. కానీ దానికి గాలి నింపే పంపు ఖర్చు వేరు. స్ప్రింగుది వెనక్కీ ముందుకీ తంతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే గురి చెదురుతుంది, అరచేతి మీద ఊరికే ఆనించండి. నాకిది తెలియడానికి ఆరు నెలలు, నాలుగు డబ్బాల పెల్లెట్లు (రైఫిల్లో పెట్టే చిన్న గుళ్లు) పట్టాయి! చదును మూతి పెల్లెట్లే కొనండి, కాగితానికి గుండ్రటి చిల్లు పడుతుంది. పెల్లెట్ లేకుండా ఖాళీగా మాత్రం పేల్చకండి, లోపలి సీలు పోతుంది.

నెల్లూరు నుంచి:
4.5 మి.మీ. క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. బిల్లు దాచండి. పిట్టగోడను నమ్మకండి, పెల్లెట్ తిరిగి కొడుతుంది. ఇసుక నింపిన పెట్టె పెట్టండి.

కావలి నుంచి:
పెట్టె సరే. పోటీల్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరేనట! ముందు కళ్లద్దాలు మార్పించుకోవాలి.