1943 నాటి యుద్ధనౌకల రంగులు: జి20, బి30 (బ్రిటిష్ నేవీ పెయింటు నంబర్లు) ఎట్ల తేల్చుకోవాలి?

కడప_నావలు:
రాయల్ ఇండియన్ నేవీ స్లూప్ (చిన్న కాపలా యుద్ధనౌక) ఒకటి, జమున, సట్లెజ్ తరహాది, 1/350 సైజు ప్లాస్టిక్ మోడలు కడతాండా. సిసిలీ దాడి నాటి రూపు కావాల, అంటే 1943 జులై. చేతిలో ఉన్నవన్నీ నలుపు తెలుపు స్కాన్లే. నౌక మీద మభ్యపెట్టడానికి పూసిన ముదురు పట్టీ నీలమా, బూడిదా? నెట్‌లో ఆర్‌జీబీ (తెర మీది రంగు) నంబర్లు ఒకదానికొకటి పొసగడం లేదు. ఇక్కడ కారు పెయింటు కలిపే అంగట్లో ఏమని చెప్పాల?

బురుజు_కర్నూలు:
ముందు పట్టీని వదిలేసి జెండా చూడప్పా. వైట్ ఎన్‌సైన్ అనే నౌకాదళ జెండాలో ఎర్ర శిలువ, మూలన యూనియన్ జాక్ నీలం, రెండూ ఉంటాయి. ఎరుపు నల్లగా, నీలం వెలిసినట్టు ఉంటే ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్, అంటే ఎరుపు సోకనిది. ఎరుపుకన్నా నీలమే ముదురైతే పాన్‌క్రొమాటిక్, అంటే అన్ని రంగులూ సోకేది. ఆర్థో మీద నీలి పట్టీ అసలుకన్నా లేతగా పడుతుంది, అది లెక్కలో పెట్టుకో.

తర్వాత తేదీ. బి, జి నంబర్ల రంగులు 1943లో వచ్చినవి. పాత సరుకు అయ్యేదాకా అంతకు ముందున్న 507ఎ, 507సి, ఎంఎస్ వరుస రంగులు నడిచాయి. జులై ఫోటో అయితే కిట్ కాగితంలో జి45 అని రాసినంత మాత్రాన నమ్మొద్దు.

పోల్చేటప్పుడు ఒకే వైపు తిరిగిన నిలువు రేకుల్నే పోల్చు. ముక్కు దగ్గర నౌక పక్కగోడ బయటికి వాలి ఉంటుంది, నీడకు అదే రంగు ముదురు కనిపిస్తుంది. చాలామంది లేని మూడో రంగును కనిపెట్టేది అక్కడే!

అనంత_గ్రే:
ఆర్‌జీబీ గొడవ ఎక్కడంటే, జి20లో 20 అంటే పడిన వెలుతురులో 20 శాతం తిరిగొస్తుందని. దాన్ని 255లో 20 శాతం అనుకొని 51 వేస్తే బొగ్గు రంగు వస్తుంది. తెర మీద గామా ఉంటుంది, అంటే నంబరూ వెలుతురూ ఒకే లెక్కన పెరగవు కాబట్టి, ఏ రంగూ కలవని బూడిదకు 10 శాతం అంటే 89, 20 అంటే 124, 45 అంటే 179. మన్సెల్ అనే రంగుల కొలతలో 20 శాతం వాల్యూ (లేతదనం అంకె) 5, 30 శాతం వాల్యూ 6.

పాత పెయింటు ముక్క దొరికినా గుడ్డిగా నమ్మొద్దు. లిన్‌సీడ్ నూనె చీకట్లో పసుపెక్కుతుంది, నీలి బూడిద పచ్చబారుతుంది.

అంగడికి ప్రింటు తీసుకెళ్లొద్దు. ప్రింటర్ ఇంకుకు ట్యూబ్‌లైటు కింద కలిసిన షేడు ఎండలో విడిపోతుంది. ఫోటోగ్రాఫర్లు వాడే 18 శాతం గ్రే కార్డు తీసుకుపో, జి20 దానికన్నా కొద్దిగా లేత. తెలుపులో నలుపు చుక్క చుక్కగా వేయించు. ఆ రెండే అయితే నీలానికి తిరుగుతుంది, జి రంగులకు రవ్వంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పడాల. బి30కి ఓకర్ వద్దు, కొంచెం నీలం చాలు. ఆరాక, మ్యాట్ కొట్టాకే కార్డు పక్కన పెట్టు. మెరిసే పూత మీద ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. కారు థిన్నరు ప్లాస్టిక్‌ను తింటుంది, ప్రైమర్ లేకుండా కొట్టొద్దు.

కడప_నావలు:
అక్రిలిక్‌తో ఇంట్లోనే కలిపితే? ఈ ఎండకు స్ప్రే గన్ నుంచి పొడిపొడిగా పడతాంది.

అనంత_గ్రే:
పొడిగా పడితే పైపొర గరుకై వెలుతురు చెదిరిపోతుంది, రంగు లేతగా కనిపిస్తుంది. ఆరడం నెమ్మది చేసే రిటార్డర్ రెండు చుక్కలు వేసి, గన్ దగ్గరికి తెచ్చి, తెల్లారుజామున కొట్టు. అదే రంగు ప్లాస్టిక్ స్పూను మీద కుంచెతో పూసి పక్కన పెట్టి చూడు. రెండింటికీ తేడా ఉంటే డబ్బాలో నలుపు కలపొద్దు, గన్ సరిచెయ్యి.