అభ్యర్థి కరపత్రంలో ఆరు హామీలు: మీకు ఏది ముందు కావాలి?

చెర్లోపల్లి వాసి:
మా నియోజకవర్గంలో ఈసారి అసెంబ్లీకి నిలబడతానని ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఇంటింటికీ కరపత్రం పంచుతున్నారు. ఏ పార్టీ లేదు. కౌలు రైతుకు ఓనర్ సంతకం లేకుండా సాగుదారు కార్డు, అంగన్‌వాడీలకు కనీస వేతనం, ప్రభుత్వాసుపత్రిలో రాత్రి కూడా స్కానింగ్, బడుల్లో ఖాళీ పోస్టుల భర్తీ, పక్క రాష్ట్రం పోయే బస్సుల్లోనూ ఆడవాళ్లకు ఉచితం, పాల సహకార సంఘాలు. మనిషి నాకు నచ్చారు. వీటిలో రాష్ట్రం చేతిలో నిజంగా ఉన్నవి ఏవి? మీ అనుభవంలో ఏది ముందు?

తోతాపురి:
మొదటిదే. మిగతావి నేను చూడలేదు. దామలచెరువు పక్కన నాలుగెకరాల మామిడి తోట గుత్తకు చేస్తున్నా. 2025లో ధర పడిపోతే కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. మందు కొట్టించింది నేను, కోత కూలి ఇచ్చింది నేను, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ మీద రెండు రాత్రులు పడుకున్నది నేను. ఆ 4 రూపాయలు మాత్రం పాస్‌బుక్కులో పేరున్న ఓనర్ ఖాతాలో పడ్డాయి. పోయి అడిగితే తోట నాది, డబ్బు నాది అన్నాడు.

పాకాల భూమి:
అన్నా, గుత్త వేరు, కౌలు వేరు. చెట్టు మీద కాయ కొనుక్కున్నవాడు రైతు ఎట్లా అవుతాడు?

తోతాపురి:
కాయ కొనుక్కునేవాడు పిందె దశలో వచ్చి కోతతో పోతాడు. నాది మూడేళ్ల గుత్త. దున్నింది, ఎరువు తోలింది, కరెంటు లేని రాత్రి మోటారు దగ్గర కూర్చున్నది నేను. నన్ను వ్యాపారి అనొద్దు. పూత రాలిపోయినప్పుడు వ్యాపారి ఏడవడు.

చిత్తూరు చెల్లి:
బస్సు గురించి ఎవరైనా రాయండి. అమ్మను నెలకు రెండుసార్లు వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్తాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం అంటే మేమూ సంబరపడ్డాం. అంతర్రాష్ట్ర బస్సుల్లో చెల్లదట. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, మాకు పెద్దాసుపత్రి అంటే అదే. తిరుపతికి పోతే ఉచితం, దగ్గరున్న ఊరికి పోతే టికెట్టు.

పాకాల భూమి:
చెల్లీ, బార్డర్ వరకు మన బస్సులో పోయి అక్కడ మారండి.

చిత్తూరు చెల్లి:
డయాలసిస్ చేయించుకునే మనిషిని ఎండలో బార్డర్ దగ్గర దించమంటారా? మీ ఇంట్లో పేషెంటు ఉంటే ఈ మాట అనేవారా?

పాకాల భూమి:
తప్పయింది చెల్లీ, అమ్మగారి సంగతి తెలియక రాశాను.

రెవెన్యూ 31 ఏళ్లు:
నేను తహసీల్దారు ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ విషయం నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉండరు. 2011 చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఉండేది. ఊర్లో విచారణ చేసి ఇచ్చేవాళ్లం, ఓనర్ సంతకం అక్కర్లేదు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం, దాని మీద ఓనర్ సంతకం తప్పనిసరి. యజమాని హక్కుకు భంగం లేదని చట్టంలోనే రాసి ఉంది. భూమి, వ్యవసాయం రెండూ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోవి. కాబట్టి ఆ అభ్యర్థి చెప్పింది అసెంబ్లీలో అయ్యే పనే. ఓనర్లు సంతకానికి భయపడడం అజ్ఞానం.

పాకాల భూమి:
సార్, మాట మర్యాదగా ఉండనీయండి. మా నాయన ఆరోగ్యం బాగలేక రెండెకరాలు నోటిమాట మీద కౌలుకిచ్చాడు. ఆ మనిషి ఆరేళ్లు భూమి వదల్లేదు. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి మా నాయన మంచం పట్టాడు. చట్టంలో ఏం రాసి ఉందో మాకు వకీలు కూడా చెప్పాడు. స్వాధీనంలో ఉన్నవాడిని లేపడానికి ఆరేళ్లు పట్టింది, అంతే. సంతకం లేకుండానే కార్డు ఇస్తే ఈసారి ఇంకెన్నేళ్లు?

రెవెన్యూ 31 ఏళ్లు:
నోటిమాట మీద ఇచ్చారు కాబట్టే ఆరేళ్లు. కాగితం ఉంటే గడువు దానిమీదే ఉండేది.

తోతాపురి:
ఆ మాట నిజం. నా దగ్గరా కాగితం లేదు, రాయడానికి ఓనర్ ఒప్పుకోడు. ఈయన నాయనకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ సార్, 2011 కార్డు నాకూ ఉండేది. దాంతో బ్యాంకుకు పోతే, అదే సర్వే నంబరు మీద ఓనర్ ముందే పంట రుణం తీసుకున్నాడు, ఒకే భూమికి రెండు అప్పులు కుదరవు అన్నారు. చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాను. సంతకం తీసేస్తే ఇది కూడా తీరుతుందా?

రెవెన్యూ 31 ఏళ్లు:
అది తీరదు. చట్టం రాష్ట్రం మార్చగలదు, బ్యాంకులు రిజర్వు బ్యాంకు కింద ఉంటాయి. అయితే ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంటల నమోదులో, సాగు చేసేవాడి పేరు ఎక్కించి, పరిహారం, మద్దతు డబ్బు ఆ పేరుకే వేయడం మాత్రం పూర్తిగా రాష్ట్రం పని. మీ 4 రూపాయలు అక్కడే ఆగాయి.

పలమనేరు పాడి:
పాల గురించి ఒక్కరూ రాయలేదు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడినప్పుడు మా అమ్మ రెండు ఆవులు అమ్మేసింది. 2023 జులైలో మళ్లీ తెరుస్తామని శంకుస్థాపన చేశారు. మాకు కావాల్సింది వెన్నశాతం మా కళ్ల ముందే చూపించే సంఘం.

అంగన్‌వాడీ టీచర్:
2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో 42 రోజులు సమ్మెలో కూర్చున్నాం. టీచరుకు 11,500, ఆయాకు 7,000. అడిగింది 26,000. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. గ్రాట్యుటీకి మాకు హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. కరపత్రంలో కనీస వేతనం అని ఉంది కానీ ఎంతో అంకె లేదు. చెర్లోపల్లి అన్నా, ఆ లెక్చరర్ గారిని అంకె అడిగి రాస్తారా?

చెర్లోపల్లి వాసి:
ఆదివారం ఆయన దామలచెరువు మండీ దగ్గరకు వస్తున్నారు. తోతాపురి అన్నా, మీరు మీ ఫ్యాక్టరీ రశీదులు తీసుకుని రండి. పాకాల అన్న కూడా వస్తే మంచిది, రెండు వైపుల మాటా ఆయన వినాలి.

పాకాల భూమి:
వస్తాను. మా నాయన కేసు కాగితాలు తెస్తాను.

తోతాపురి:
ఓనర్ పేరు మీద ఉన్న రశీదులే నా దగ్గర ఉన్నవి. అవే తెస్తాను.

అంగన్‌వాడీ టీచర్:
అన్నా, నేను అడిగిన అంకె సంగతి?