ఒక్క బ్లేడుతో ఎన్నిసార్లు గడ్డం గీస్తారు? నాది పదకొండోసారి

కొర్లగుంట కుర్రోడు:
అన్నలారా, నవ్వొద్దండి. ఒకే బ్లేడు, పదకొండో షేవింగు. ఇయ్యాల పొద్దున కూడా గాటు పడకుండా అయిపోయింది. రెండు వైపులా అంచుండే మామూలు బ్లేడే. తిరపతిలో గాంధీ రోడ్డులో ఐదింటి పాకెట్టు పదిహేను రూపాయలకు కొన్నా. అంతకు ముందు కార్ట్రిడ్జి రేజరు వాడతా వుంటి. నాలుగు కార్ట్రిడ్జిలకు ఐదారొందలు పెట్టేది, ఆ బాధకు ఒక్కోదాన్ని నెలంతా లాగేది, మొగమంతా పొక్కులు తెచ్చుకునేది. మా తాత చనిపోయినాక ఆయన షేవింగ్ సెట్టు నాకొచ్చింది. అప్పట్నుంచి ఇదే దావ.

నేను చేసేది ఇంతే. స్నానం అయినాకనే గీసుకుంటా. అయినాక రేజర్ని పాత జీన్సు ప్యాంటు తొడ మీద, అంచు వెనకుండేటట్టు, ఇరవైసార్లు లాగుతా. తర్వాత విదిలించి ఆరబెట్టి, ఒక చుక్క కొబ్బరినూనె. లెక్కకు క్యాలెండర్లో గీతలు పెడతాండా. మీరు ఎంత దాకా పోయినారు? అసలు యాడ ఆపాల?

బైపాస్ బాబు:
పదిహేనుకు ఐదంటే బ్లేడు మూడు రూపాయలు. పదకొండుసార్లకు పంచితే ఒక్కోసారికి ముప్పై పైసలు కూడా పడలా. దానికి నూనె, జీన్సు, ఇరవై లాగుళ్ళు. నీ టైముకు ఏం రేటు కట్టుకున్నావు సామీ? నేను మూడుసార్లకు పారేస్తా. నాలుగోసారి నా మొగం నాకు గుర్తు చేస్తాది.

కొర్లగుంట కుర్రోడు:
డబ్బులకు కాదన్నా. ఇప్పుడది పంతం.

విశ్రాంత హెడ్మాస్టరు:
బాబూ, మీ జీన్సు ప్యాంటు మాకు లేదు గానీ గాజు గ్లాసు ఉండేది. మా నాయనగారు వాడినవి కార్బన్ ఉక్కు బ్లేడ్లు. ఈరోజు వాడి తుడవకుండా వదిలేస్తే రేపటికి తుప్పు చుక్కలు కనబడేవి. ఆయన గ్లాసు లోపలి గోడకు బ్లేడును రెండు వేళ్ళతో ఆనించి, గోడ వంపుకు బ్లేడు కూడా కొద్దిగా వంగేటట్టు నొక్కి, అటూ ఇటూ పదేసిసార్లు జరిపేవారు. కీచుమనే ఆ చప్పుడుకే ఇంట్లో పిల్లలందరికీ తెల్లవారేది. గ్లాసు లోపలంతా సన్నగీతలు. దాంట్లో ఎవరైనా కాఫీ పోశారా, మా అమ్మ చేతిలో అయిపోయినట్టే.

1960ల తొలి సంవత్సరాల్లో విల్కిన్సన్ స్వోర్డ్ వారి స్టెయిన్‌లెస్ బ్లేడు పేరు మోగిపోయింది. తుప్పు బాధ తగ్గింది. అయినా నాయనగారు గ్లాసు మానలేదు. తమాషా ఏమిటంటే, అమెరికాలో కింగ్ జిల్లెట్ 1904లో పేటెంటు పొందిన రేజరు ఉద్దేశమే సానబట్టే శ్రమ తప్పించడం. మొండిబారితే పారేసి కొత్తది వేసుకోమన్నాడు. మనవాళ్ళు దాన్ని కూడా సానబట్టారు.

నా సొంత లెక్క ఏడు. వారానికొకసారి చొప్పున ఏడు వారాలు కాదు, వరుసగా ఏడు రోజులు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం కొత్త బ్లేడు. అది అలవాటే తప్ప శాస్త్రం కాదు.

ఏర్పేడు హాస్టలు:
శాస్త్రం నేను చెప్తా, మెటీరియల్స్ చదువుతా వుండా కాబట్టి. వెంట్రుక కంటే బ్లేడు ఉక్కు 50 రెట్లు గట్టిది. మరి వెంట్రుక దాన్నెట్లా పాడు చేస్తాది? దీని మీద 2020 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో ఎమ్మైటీ (అమెరికాలో వుండే యూనివర్సిటీ) వాళ్ళ పరిశోధన వచ్చింది. దాంట్లో ఒకాయన తన గడ్డమే తాను గీసుకుంటా, ఆ బ్లేడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసినాడు. అంచు అరిగి గుండ్రంగా అవతాదని అందరమూ అనుకుంటాం గదా? అక్కడ కనిపించింది వేరే. అంచుకు అక్కడక్కడా సన్న పెచ్చులు ఎగిరిపోయినాయి.

పెచ్చు లేవాలంటే మూడు కలిసి రావాల. ఒకటి, వెంట్రుక నిటారుగా తగలకుండా వాలుగా వంగి తగలడం. రెండు, ఉక్కు లోపలి కట్టుబడి అంతటా ఒకే తీరుగా లేకపోవడం. మూడు, వెంట్రుక సరిగ్గా ఆ బలహీనమైన చోటి పక్కనే పడటం. ఒక పెచ్చు లేస్తే దాని పక్కన ఇంకోటి లేవడం సులువు. అందుకే బ్లేడు రోజుకు కొంచెం కొంచెం మొండిబారదు, నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఉన్నట్టుండి లాగినట్టు వుంటాది.

ఇంగ నీ జీన్సు సంగతి. లేచిపోయిన పెచ్చును ప్యాంటు తిరిగి అతికించలేదు. మహా అంటే సబ్బు జిడ్డు, చర్మం పొట్టు తుడుచుకుపోతాయి. పైగా ఇప్పటి బ్లేడ్ల అంచుకు సన్నగా పూతలు వుంటాయి, క్రోమియం, ప్లాటినం లాంటివి, పైన టెఫ్లాను. బట్టకేసి రుద్దితే అది లేచిపోదని గ్యారంటీ ఏముంది?

కొర్లగుంట కుర్రోడు:
మరి పదకొండు ఎట్లా వచ్చినాయి తమ్మీ? నీ మైక్రోస్కోపు నా దవడకు చెప్పు.

ఏర్పేడు హాస్టలు:
బ్లేడు తెచ్చియ్యి అన్నా, ల్యాబులో మామూలు మైక్రోస్కోపు వుండాది. చూసి చెప్తా.

సగం బ్లేడు:
మాది చిత్తూరు, కట్టమంచిలో సెలూను. మూడు తరాలుగా ఇదే పని. మా పెదనాయన కొండమీద కల్యాణకట్టలో చేసినాడు.

ముందు ఒక మాట. షాపులో మాకు ఈ లెక్కే లేదు. బ్లేడును కాగితంతోటే మధ్యకు విరిచి ఒక సగం కత్తికి ఎక్కిస్తాం. ఒక మనిషికి ఒక సగం. అయినాక ఆయన చూస్తా వుండంగానే తీసి డబ్బాలో వేస్తాం. హెపటైటిస్ బి క్రిమి శరీరం బయట కనీసం 7 రోజులు బతికి వుంటాది, ఎండిన రక్తంలో కూడా. అందుకని ఎన్నిసార్లు అనే లెక్క ఒక్క మొగానికే చెల్లతాది. రూమ్మేటు బ్లేడు కడిగి వాడుకున్నా అనే మాట నా దగ్గర అనొద్దండి.

ఇంగ పని. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ పట్టుకోని వచ్చి కూర్చుంటారు గదా, తల తడుపుకోమంటే రెండు దోసిళ్ళు చల్లుకోని వచ్చేస్తారు. పెదనాయన మళ్ళీ నీళ్ళు పెట్టి కుదుళ్ళ దాకా చేత్తో రుద్దేవాడు. అది మానేసి ఎండు తల మీద పెడితే సగం తలకే బ్లేడు లాగను మొదలుపెడతాది, పిల్లకాయలైతే ఏడుపు. తలవెంట్రుకకే అట్లుంటే గడ్డం వెంట్రుక ఇంగా బిరుసు. ఎండుగా వుంటే తీగే. నీళ్ళు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడతాది, కానీ దానికి టైము కావాల. వేడినీళ్ళలో ముంచి పిండిన టవలు మొగం మీద రెండు నిమిషాలు. తర్వాత సబ్బు బ్రష్షుతో గడ్డానికి ఎదురుగా రుద్ది ఇంకో రెండు నిమిషాలు వదిలేయాల. అందరూ ఆ రెండో రెండు నిమిషాలే ఎగ్గొడతారు. కుర్రోడు స్నానం అయినాక గీసుకుంటా అన్నాడే, నా లెక్కన ఆయన పదకొండులో ఏడెనిమిది ఆ స్నానానివే. జీన్సుకు పేరు ఊరకనే వస్తాంది.

ఇంట్లో రేజరు వాడేవాళ్ళకు వాటం ముఖ్యం. పైమూత చెంపకు ఆనించి, పిడిని నేలకు సమంగా పెట్టి, మెల్లగా కిందికి దించతా రండి. ఒక చోట చిటచిటమని వెంట్రుక తెగే చప్పుడు మొదలవతాది. సుమారు 30 డిగ్రీలు. అక్కడ నిలిపెయ్యండి. నొక్కొద్దు, రేజరు బరువు చాలు. ముందు వెంట్రుక వాలు మీదనే గీయండి, ఎదురు గీత అవసరమైన చోట మాత్రమే. వాలుగా తగిలితే పెచ్చు లేస్తాదని తమ్ముడు చెప్పినాడే, నొక్కి పట్టి ఎదురు గీసేవాళ్ళ బ్లేడ్లు తొందరగా పోయేది నేను కండ్లారా చూసినా. దానికి కారణం అదో కాదో ఆ తమ్ముడే చెప్పాల.

యాడ ఆపాల అన్నావు. పటికను అడుగు. షేవింగు అయినాక తడి మొగానికి పటిక బిళ్ళ రుద్దుకో. రోజూ వుండే చిన్న చురుకు వుంటే సరే. గొంతు మీద భగ్గుమందంటే అంచు నీ తోలు కూడా గీకతాందని. కింది పెదవి కింద గుంటలో లాగినా అంతే. ఆ పొద్దు ఎన్నోసారి అని లెక్క చూడొద్దు, తీసెయ్.

ఉప్పునీళ్ళు:
నీళ్ళ సంగతి ఎవురూ ఎత్తలేదే? మేం బైరాగిపట్టెడలో బోరు నీళ్ళ మీద బతకతాండాం. బకెట్టుకు తెల్లచారలు, షవర్ బొక్కలు సగం పూడిపోయినాయి. ఆ నీళ్ళతో సబ్బు నురగ రాదు, విరిగిన పాల మాదిరి తేలతాది. బ్లేడు ఆరినాక అంచు మీద అదే తెల్లది. మూడో నాటికి లాగేది. ఇప్పుడు తాగే క్యాను నుంచి ఒక చెంబుడు వంచుకుంటా. సగం వేడి చేసి నురగకు, సగం చివర్న బ్లేడు కడగను. ఆరు దాకా పోతాండా. కొళాయికి కల్యాణి డ్యాం నీళ్ళు వచ్చే వీధుల్లో వుండే వాళ్ళకు ఈ బాధ తెలీదు.

ఏర్పేడు హాస్టలు:
ఇది కరెక్టు. గట్టి నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడతాది, దానికి నురగ చేసే గుణం పోతాది. ఆరబెట్టేటప్పుడు బ్లేడును గుడ్డతో మాత్రం తుడవద్దు, కడిగి విదిలించండి చాలు. కావాలంటే చివర్న సర్జికల్ స్పిరిట్‌లో ఒకసారి ముంచండి. నీళ్ళను వెంటబెట్టుకోని ఆరిపోతాది.

బైపాస్ బాబు:
చెంబుడు క్యాను నీళ్ళు, స్పిరిటు, టవలు, పటిక. ముప్పై పైసల షేవింగు ఐదు రూపాయలకు వచ్చింది. కానియ్యండి.

జాకెట్ల అక్క:
మా ఇంటాయన కూడా మీ మాదిరే లెక్క పెట్టే మనిషి. బ్లేడు రెండోసారికే మొండిబారిందని కంపెనీని తిడతాడు, నీళ్ళను తిడతాడు, బోరు వేయించిన మా మామను కూడా తిడతాడు. నేను టైలరింగు చేస్తా. జాకెట్టు కుట్లు విప్పాల్సి వస్తే ఆయన రేజరు విప్పి, పని చేసుకోని, మళ్ళా ఎట్లుండేది అట్లనే పెట్టేస్తా. ఇది చదివే ఆడవాళ్ళెవురూ నోరు విప్పొద్దు.

మాల వేసిన సామి:
స్వామి శరణం. 41 రోజుల దీక్ష అయినాక శబరిమల నుంచి వచ్చి నేరుగా బ్లేడు పెట్టినా. సగం చెంపకే వెంట్రుకలు మూత సందుల్లో ఇరుక్కోని అడుగు ముందుకు పడలా. ఆ ఒక్క గడ్డానికి రెండు బ్లేడ్లు పోయినాయి. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో కురచ చేసుకోండి. గంగమ్మ జాతరకు ఆడవేషం మొక్కుకోని మీసం తీసేవాళ్ళకు కూడా ఇదే మాట. ఏడాది పెంచిన మీసం మీద లెక్కలో వుండే బ్లేడు పెట్టొద్దు.

మామిడి అంటు:
షేవింగు అయినాక బ్లేడుకు ఇంకో జన్మ వుంది. మా నర్సరీ బంగారుపాళెం దావలో. మామిడి అంటు కట్టేటప్పుడు ఏటవాలు కోతకు మాత్రం కొత్త బ్లేడే, అక్కడ కోత నున్నగా లేకపోతే అంటు పట్టదు. పాతవన్నీ ప్లాస్టిక్ పట్టీలు చీల్చను, సంచులు కోయను. అదీ అయినాక ఖాళీ పౌడర్ డబ్బాకు చీలిక పెట్టి దాంట్లో వేస్తా. ఒకసారి కాగితంలో చుట్టి చెత్తలో వేస్తే, చెత్తబండి అక్కకు అరచేయి తెగింది. ఆమె ఏమీ అనలేదు, అదే ఇంగా గుచ్చుకునింది.

కొర్లగుంట కుర్రోడు:
అప్‌డేటు. జీన్సు మానేసి పన్నెండు, పదమూడు కూడా అయినాయి. ఏ తేడా లేదు, సగం బ్లేడన్న చెప్పిందే నిజం. పద్నాలుగుకు పటిక భగ్గుమనింది. తీసి అగ్గిపెట్టెలో పెట్టుకోని, ఆదివారం పోయి ఏర్పేడు తమ్మునికి ఇచ్చొచ్చినా.

ఏర్పేడు హాస్టలు:
చూసినా అన్నా. ఒక అంచు నిండా గాట్లు, ఎలుక కొరికిన అప్పడం మాదిరి వుండాది. రెండో అంచు దాదాపు కొత్తది. రెండు వైపులా వాడతాండావా అసలు?

కొర్లగుంట కుర్రోడు:
ఓరి నాయనో. తాత రేజరుకు ఒక వైపు పళ్ళు కొంచెం వంగిపోయి వుండాయి, ఎప్పుడో కింద పడిందంట. అటు గీస్తే గాటు పడతాదని మొదటి రోజు నుంచి ఇటే గీస్తాండా. బ్లేడు తిప్పి వేసుకోవాలని తట్టనే లేదు.

సగం బ్లేడు:
అంటే నువ్వు పద్నాలుగు గీసింది సగం బ్లేడుతోనే. నా పేరు నీకు పెట్టాల్సింది. ముందు ఆ రేజరు తీసుకోని షాపుకు రా, పళ్ళు సరిచేసి ఇస్తా. టీ నీది.

కొర్లగుంట కుర్రోడు:
వస్తానన్నా. తమ్మీ, ఆ బ్లేడు పారేయొద్దు, రెండో వైపు వుంది గదా. లెక్క పదహైదు నుంచి పెట్టాల్నా, మళ్ళీ ఒకటి నుంచా?

బైపాస్ బాబు:
గోవిందా గోవింద.