సింగ్‌నగర్ వరదలో ఎవరు ఎవరికి ఆసరా అయ్యారో గీస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్, సోషియాలజీ పీజీ చేస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా వీధిని ముంచినప్పుడు ఎవరు ఎవరిని ఆదుకున్నారన్నదే నా ప్రాజెక్టు. కింది వాటాల్లో ఉండే 41 మంది ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాను. నీళ్లు గుమ్మం ఎక్కగానే ఎవరిని కేకేశారు, ఎవరి మేడ మీద పడుకున్నారు, పాలు, మంచినీళ్లు ఎవరు తెచ్చిచ్చారు అని అడిగాను. ఎవరు ఏ డ్వాక్రా సంఘంలో, ఏ చీటీలో ఉన్నారో, ఏ చర్చికి వెళ్తారో కూడా రాసుకున్నాను.

ఒక్కో మనిషికి ఒక చుక్క పెట్టి, ఒకే సంఘంలో ఉన్న ప్రతి ఇద్దరి మధ్యా గీత గీస్తే పటమంతా నల్లగా అల్లుకుపోయింది. కానీ వాళ్లలో కొందరు కంతు కట్టే రోజున తప్ప పలకరించుకోరు. అదే మా పాలావిడ ఏ సంఘంలోనూ లేదు, పటంలో మూలన ఒంటరి చుక్క. నడుం లోతు నీళ్లలో ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని వచ్చిందని 27 మంది చెప్పింది ఆవిడ గురించే! ఆవిడ లెక్క పుస్తకం చూశాను. పేర్లుండవు. 'కుట్టుమిషను ఇల్లు, అర', 'వేపచెట్టు మేడ, లీటరు, పసిబిడ్డ'. ఇలాంటి మనిషిని పటంలో ఎలా చూపించాలి?

గుంటూరు నుంచి ఒక లెక్చరర్: అమ్మా, సభ్యత్వం వేరు, పరిచయం వేరు. పదిమంది సంఘం ఒక్కటే 45 గీతలు పుట్టిస్తుంది, నల్లబడక ఏమవుతుంది? మనుషులకు ఒక రకం చుక్క, సంఘాలకు ఇంకో రకం పెట్టండి. మనిషి నుంచి సంఘానికే గీత. 1930లలో అమెరికాలోని మిసిసిపీలో 18 మంది ఆడవాళ్లు 14 కూడికల్లో వేటికి వెళ్లారో ఇలాగే పట్టిక వేశారు, మా క్లాసులో ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతాం. అదే పట్టికను తిరగేస్తే ఏ రెండు సంఘాలను ఎంతమంది ఉమ్మడి సభ్యులు కలుపుతున్నారో తెలుస్తుంది. 1974లో సోషియాలజిస్టు రొనాల్డ్ బ్రైగర్ చూపించింది ఇదే. డ్వాక్రా కబురు చర్చికి చేరిందంటే ఆ ఉమ్మడి మనుషుల వల్లేనేమో చూడండి.

సాయం పటం మాత్రం విడిగా, బాణాలతో గీయండి. అందులో మీ పాలావిడే నడిమధ్యకు వస్తుంది.

సర్వేలు చేసే అక్క: ఆవిడను మీరు అడిగారా చెల్లీ? 41 మందిలో లేదు కదా. వీధి హద్దు దగ్గర మీ జాబితా ఆగిపోయింది, ఆవిడ హద్దుకు అవతల ఉండిపోయింది. 27 మంది చేతులు ఆవిడ వైపు చూపిస్తున్నాయి సరే, ఆవిడ చెయ్యి ఎటు చూపిస్తుంది? అది లేకపోతే పటం సగమే. ఇంకో మాట, కాలేజీకి ఇచ్చేముందు పేర్లు తీసేసి నంబర్లు పెట్టండి. ఎవరు ఎవరిని పిలవలేదో కూడా అందులో కనబడిపోతుంది, రేపు వాళ్లంతా అక్కడే బతకాలి.

ప్రశ్న అడిగిన అమ్మాయి: అక్కా, నిన్న సాయంత్రం వెళ్లి అడిగాను. ఆవిడది పక్క కాలనీ, అక్కడా నీళ్లే. ఫ్లైఓవర్ దాకా వచ్చిన ట్రేలను ఒక ఆటో అబ్బాయి ట్యూబు మీద పెట్టి మా వీధి మొగదాకా తోసుకొచ్చి ఇచ్చేవాడట. 41 మందిలో ఒక్కరు కూడా ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు. రేపు ఆటో స్టాండుకు వెళ్తున్నాను.